రేవు లేని రాజ్యపు బేరం

ఒక దేశం తానున్న ఆర్థిక కూటమి నుంచి బయటికి వస్తే, అంతవరకు ఎవరూ ఆలోచించనక్కర లేకుండా నడిచిపోయిన పనులన్నీ ఒక్కసారిగా బేరానికి వస్తాయి. సరిహద్దు దాటే సరుకుపై సుంకం ఎంత, సొమ్ము ఏ నాణెంలో చెల్లించాలి, పొరుగువారి రేవు వాడుకున్నందుకు ఏం ఇవ్వాలి, ఒకరి రైళ్లు మరొకరి పట్టాల మీద ఏ షరతులతో నడవాలి, ఒకరిచ్చిన నాణ్యతా ధ్రువపత్రం మరొకరి దగ్గర చెల్లుతుందా అనేవన్నీ మళ్లీ మొదటి నుంచి తేల్చుకోవాలి. కూటమిలో ఉన్నన్నాళ్లూ హక్కుగా దొరికినది, బయటికి అడుగు పెట్టిన మరుక్షణం నుంచి అడిగి తెచ్చుకోవలసినది అవుతుంది. అడిగేటప్పుడు ఎదుటివారు బదులుగా ఏదో ఒకటి కోరతారు.

ఆ బేరంలో ఎవరిది పైచేయి అవుతుందన్నది రాజ్యం ఎంత పెద్దదో, ఖజానా ఎంత నిండుగా ఉందో చూసి చెప్పలేం. బేరం తెగిపోతే ఎవరికి ఎంత నష్టం, ఆ నష్టాన్ని ఎవరు ఎన్నాళ్లు ఓర్చుకోగలరు అన్నదే అసలు లెక్క. తన అమ్మకాల్లో సగం ఒకే పొరుగు మార్కెట్‌కు పోతుంటే, ఆ పొరుగువారి అమ్మకాల్లో తన వాటా పదోవంతు కూడా లేకుంటే, గొడవ ఇద్దరికీ నష్టమే అయినా ముందు ఊపిరాడనిది ఎవరికో తెలిసిపోతూనే ఉంటుంది. వేరే దారి ఉన్నవారికి తొందర ఉండదు. గడువు దగ్గరపడుతున్నా వేరే దారి లేనివారు చివరి రోజున దొరికిన షరతుకు సంతకం చేస్తారు, లేదా సంతకం చేయక అంతకన్నా పెద్ద నష్టాన్ని నెత్తికెత్తుకుంటారు.

ఈ రెండో రకం కథ తెలుగునేల మీదే జరిగింది. 1947 జూన్ నుంచి 1948 సెప్టెంబరు వరకు హైదరాబాద్ సంస్థానం నడిపిన బేరసారాలను సాధారణంగా రాజకీయ చరిత్రగా, సైనిక చర్య చరిత్రగా చెబుతారు. అది వాణిజ్య బేరపు చరిత్ర కూడా. నేటి అర్థంలో బ్రిటిష్ ఇండియా ఒక కూటమి కాదు, హైదరాబాద్ అందులో సభ్యదేశమూ కాదు. అయినా ఒప్పందాలు, రైళ్లు, రేవులు, కరెన్సీ నిల్వలు కలిసి ఆ రెండింటినీ ఒకే ఆర్థిక వ్యవస్థగా అల్లేశాయి. అందులోనుంచి సొంత దేశంగా విడివడాలని నిజాం ప్రభుత్వం చూసింది.

ఆ అల్లిక ఎలాంటిదో ముందు చూడాలి. 18వ శతాబ్దం రెండో సగంలో ఉత్తర సర్కారు జిల్లాలు ఈస్టిండియా కంపెనీ చేతికి పోయాయి. దాంతో నిజాం రాజ్యానికి సముద్రతీరం లేకుండా పోయింది. 1802లో నిజాం అలీఖాన్‌కూ కంపెనీకీ కుదిరిన వాణిజ్య ఒప్పందం మచిలీపట్నం రేవును వాడుకునే హక్కు నిజాంకు ఇచ్చింది. బదులుగా సరుకు మీద వేసే సుంకం విలువలో 5 శాతానికి మించకూడదని కట్టుబాటు పెట్టింది. రేవు హక్కు క్రమంగా కాగితానికే పరిమితమైంది. 5 శాతం సుంకం మాత్రం సంస్థానం ఆదాయంలో ముఖ్యమైన పద్దుగా నిలిచింది. ఆ సుంకాల శాఖను జనం కరోడ్‌గిరీ అనేవారు. సరిహద్దు దారుల మీద ఉండే నాకాలు కరోడ్‌గిరీ నాకాలు. బెజవాడ నుంచి ఉప్పు బస్తాలతో వచ్చే రైలు కొండపల్లి దాటి ఎర్రుపాలెం చేరితే మద్రాసు ఇలాకా వదిలి నిజాం ఇలాకాలో అడుగుపెట్టినట్టే. ఆ రెండు స్టేషన్ల మధ్య మనుషుల భాష మారదు, పొలాల్లో పంట మారదు. సుంకం, నాణెం మాత్రం మారిపోతాయి.

నాణెం సంగతి ఇంకా విచిత్రమైనది. నిజాం రాజ్యంలో చెల్లేది హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయిని జనం కల్దార్ అనేవారు. ఆరు కల్దార్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు, ఇదీ మారకం లెక్క. 1918 నుంచి సంస్థానం సొంత నోట్లు కూడా వేసింది. 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకును స్థాపించి కరెన్సీ నిర్వహణను దానికి అప్పగించింది. సికిందరాబాద్ ప్రత్యేకత ఇక్కడే కనబడుతుంది. 1806లో నిజాం సికందర్ జా పేరుతో వెలసిన ఈ ఊరు బ్రిటిష్ దండు విడిది. హుసేన్‌సాగర్‌కు అవతల నిజాం పాలన, ఇవతల ఇంగ్లీషువారి పాలన. వ్యాపారులు రెండు నాణేల్లోనూ లెక్కలు చూసుకునేవారు. హైదరాబాద్ నుంచి కొనేవారికి హాలీలో, మద్రాసు బొంబాయిల నుంచి తెప్పించే సరుకుకు కల్దార్‌లో. 1945లో దండు ప్రాంతం బయటి పౌర బస్తీల పాలన నిజాం ప్రభుత్వానికి తిరిగి దక్కింది. వ్యాపారపు అలవాట్లు ఒక్క ఉత్తర్వుతో మారలేదు.

సికిందరాబాద్ మీదుగానే రైలు కూడా వచ్చింది. 1874లో వాడి నుంచి సికిందరాబాద్‌కు లైను పడింది. తరువాత అది కాజీపేట, డోర్నకల్ మీదుగా బెజవాడ దాకా సాగింది. మన్మాడ్ వైపు మీటరు గేజి లైను వచ్చింది. 1920ల చివర కాజీపేట నుంచి బల్హార్షా దాకా లైను పూర్తయ్యేసరికి ఢిల్లీ, మద్రాసుల మధ్య దగ్గర దారి నిజాం రాజ్యం గుండా పడింది. గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ నడిచింది ఆ దారినే. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేను కంపెనీ నుంచి కొనేసి సొంతం చేసుకుంది. సొంత రైల్వే, సొంత నాణెం, సొంత సుంకం, 1941 లెక్కల ప్రకారం 1 కోటి 63 లక్షల జనాభా, 82 వేల చదరపు మైళ్లకు పైబడిన భూమి. ఐరోపాలో చాలా దేశాలు ఇంతకన్నా చిన్నవి. కాగితం మీద చూస్తే స్వతంత్ర దేశానికి కావలసిన సరంజామా దాదాపు అంతా ఉంది.

అయితే ఆ రైలు మార్గాలు బయటికి వెళ్లే చోట్లు ఏవో చూస్తే సంగతి బోధపడుతుంది. బెజవాడ, మన్మాడ్, బల్హార్షా, కర్నూలు మీదుగా ద్రోణాచలం. ఇవన్నీ భారత ప్రభుత్వం చేతిలోని జంక్షన్లు. తూర్పున, దక్షిణాన మద్రాసు రాష్ట్రం, పడమట బొంబాయి, ఉత్తరాన మధ్యపరగణాలు. ఏ దిక్కుగా సరుకు పంపినా కొనేవారు, లేక దారి ఇచ్చేవారు ఒకరే. వేరుశనగ, ఆముదాలు, పత్తి బయటికి పోయేవి. ఉప్పు, పెట్రోలు, కిరోసిన్, యంత్రాలు, మందులు లోపలికి వచ్చేవి.

బ్రిటన్ పార్లమెంటు 1947లో చేసిన భారత స్వాతంత్ర్య చట్టం ఏడో సెక్షనుతో సంస్థానాల మీద బ్రిటిష్ సార్వభౌమాధికారం ఆగస్టు 15న ముగిసింది. అదే సెక్షనులో ఒక మినహాయింపు ఉంది. దాని మీద చరిత్రకారులు నిలిచినంతసేపు మామూలు పాఠకులు నిలవరు గానీ, ఈ విషయానికి అది కీలకం. సుంకాలు, సరుకు రవాణా, తపాలా, తంతి వంటి విషయాల్లో పాత ఒప్పందాలు మాత్రం, ఎవరో ఒకరు రద్దు చేసేదాకా, లేదా కొత్తవి కుదిరేదాకా నడుస్తూనే ఉండాలని అది చెప్పింది. రాజకీయ బంధం ఒక అర్ధరాత్రి తెగవచ్చు. రైళ్లు, ఉప్పు బస్తాలు, మనీయార్డర్లు అలా తెగితే జనం బతకలేరని చట్టం రాసినవారికి తెలుసు. డెబ్బై ఏళ్ల తరువాత బ్రిటనే యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి వచ్చినప్పుడు 11 నెలల మధ్యంతర కాలం కోరుకున్నది సరిగ్గా ఇందుకే.

1947 జూన్‌లోనే నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తాను భారత్‌లోగానీ పాకిస్తాన్‌లోగానీ చేరబోనని, బ్రిటిష్‌వారు వెళ్లిపోయాక స్వతంత్ర పాలకుడిగా ఉంటానని ప్రకటించాడు. ఆగస్టు 15 నాటికి ఏ ఒప్పందమూ కుదరలేదు. సర్ వాల్టర్ మాంక్టన్ అనే ఇంగ్లీషు న్యాయవాది సలహాతో సంప్రదింపులు సాగాయి. అక్టోబరు 27న రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ అనుచరులు సంప్రదింపుల బృందం ఢిల్లీ వెళ్లకుండా వారి ఇళ్లను చుట్టుముట్టారు. ప్రధానిగా ఉన్న ఛత్తారీ నవాబు తప్పుకున్నాడు. చివరికి నవంబరు 29న యథాతథ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఆగస్టు 15కు ముందు బ్రిటిష్‌వారితో ఉన్న ఏర్పాట్లన్నీ ఒక ఏడాది పాటు భారత ప్రభుత్వంతో అలాగే కొనసాగుతాయన్నది దాని సారం. ఆ వెంటనే పారిశ్రామికవేత్త మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యాడు. 1948 జనవరిలో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్‌గా కె.ఎం. మున్షీ వచ్చి సికిందరాబాద్ పక్కనే బొల్లారంలో మకాం పెట్టాడు.

ఒప్పందం ఇచ్చిన ఆ ఏడాదే హైదరాబాద్ చేతిలోని అన్నిటికన్నా విలువైన వస్తువు. సరుకు రవాణా సాగుతుంది, ఎవరూ ఎవరినీ తొందరపెట్టరు, ఈలోగా మంచి షరతులకు బేరం చేసుకోవచ్చు. బేరానికి పనికొచ్చేవి నిజంగానే ఉన్నాయి. సింగరేణి బొగ్గు దక్షిణాది రైళ్లకూ మిల్లులకూ కావాలి. ఢిల్లీ మద్రాసు రైలు, బొంబాయి మద్రాసు రైలు రెండూ నిజాం భూమి మీదుగానే పోవాలి. కొత్తగా పుట్టిన భారతదేశం చేతిలో కాశ్మీరు యుద్ధం, లక్షల మంది శరణార్థుల బాధ్యత ఉన్నాయి. ఈ పరిస్థితిలో ఢిల్లీకి మధ్యేమార్గం కావలసి ఉండింది. ఆ ఏడాదిని నిజాం ప్రభుత్వం వాడుకున్న తీరు మాత్రం చేతిలో ఉన్న బలాన్ని తానే పోగొట్టుకునేలా సాగింది.

ఒప్పందం మీద సిరా ఆరకముందే రెండు ఉత్తర్వులు వచ్చాయి. సంస్థానం నుంచి బంగారం, వెండి భారత్‌కు పోకుండా ఒకటి కట్టడి చేసింది. హైదరాబాద్‌లో భారత రూపాయి చెల్లుబాటు కాదని రెండోది చెప్పింది. సొంత దేశమని చూపించుకోవాలన్న తపన అందులో ఉంది. వ్యాపారి దృష్టితో చూస్తే దాని అర్థం వేరు. సికిందరాబాద్ టోకు వ్యాపారికి బెజవాడ నుంచి బియ్యమో బొంబాయి నుంచి గుడ్డో రావాలంటే కల్దార్ కావాలి. రాజ్యంలోపల దాని చెలామణీని అడ్డుకుంటే అక్కడివారు సరుకు ఇవ్వడం మానరు గానీ, ఇక్కడివారికి కొనే వీలు తగ్గుతుంది. సరిహద్దుకు ఇటువైపు అమ్మకం మీద బతికే రైతుకు కూడా అంతే. ఇది పొరుగువారి మీద వేసిన దెబ్బలా కనిపించి, తగిలింది సొంత బజారుకు.

పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల అప్పు వ్యవహారం ఇంకా పెద్ద పొరపాటు. ఆ అప్పును భారత ప్రభుత్వ బాండ్ల రూపంలో ఇచ్చారు. హైదరాబాద్ నిల్వల్లో పెద్ద భాగం ఉన్నది ఆ బాండ్లలోనే. విడిపోవాలనుకుంటున్న రాజ్యం పొదుపు, ఎవరి నుంచి విడిపోవాలనుకుంటోందో వారి హామీపత్రాల్లో ఉందన్న మాట. వాటి బదిలీని ఆపే అధికారం కూడా ఢిల్లీదే, ఢిల్లీ ఆ అధికారాన్ని వాడింది. కాశ్మీరులో పాకిస్తాన్‌తో పోరు సాగుతున్న వేళ ఈ అప్పు సంగతి బయటపడటంతో, హైదరాబాద్‌తో రాజీ మంచిదని ఢిల్లీలో వాదించేవారి గొంతు కూడా పడిపోయింది.

ఆ తరువాత దిగ్బంధం మొదలైంది. భారత ప్రభుత్వం దాన్ని దిగ్బంధమని ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆయుధాలు, సైనిక అవసరాల సరుకు మాత్రమే ఆపుతున్నామంది. సరిహద్దుల్లో జరిగింది అంతకంటే ఎక్కువ. చుట్టూ ఉన్న మద్రాసు, బొంబాయి, మధ్యపరగణాల అధికారులు పెట్రోలు, యంత్రభాగాలు, మందులు, ఉప్పు వంటివి కూడా ఆపారని, నీటిని శుద్ధి చేసే క్లోరిన్‌కు సైతం కరువొచ్చిందని హైదరాబాద్ ప్రభుత్వం మొరపెట్టుకుంది. బేగంపేట నుంచి నడిచే డెక్కన్ ఎయిర్‌వేస్ విమానాలు ఆగాయి. మరోవైపు సరిహద్దు శిబిరాల నుంచి స్టేట్ కాంగ్రెస్ కార్యకర్తలు కరోడ్‌గిరీ నాకాల మీద దాడులు చేశారు. రాజ్యపు ఆదాయానికి, అధికారానికి ఆ నాకాలు కంటికి కనబడే గుర్తు. మే నెలలో గంగాపూర్ స్టేషన్ దగ్గర మెయిలు రైలు మీద దాడి జరిగి ప్రయాణికులు చనిపోయారు. భారత రైళ్లు తన భూమి మీదుగా పోవడం హైదరాబాద్‌కు బలం కావలసింది. రక్షణ ఇవ్వలేని దారిగా పేరు పడ్డాక అది ఎదుటివారి ఫిర్యాదుకు ఆధారమైంది.

కొరత అందరి మీదా ఒకేలా పడలేదని చెప్పి తీరాలి. లెవీ ధాన్యం కొలిచి ఇస్తూ, ఒకపక్క రజాకార్ల హింస, మరోపక్క సాయుధ పోరాటాన్ని అణచే పోలీసుల దాడులు భరిస్తున్న తెలంగాణ పల్లెల్లో ఉప్పు, కిరోసిన్ దొరక్కపోవడం పెద్ద కష్టం. రాజభవనాల్లో దాని జాడ ఉండదు. ఏ దేశపు వాణిజ్య యుద్ధంలోనైనా, తెగేదాకా లాగుదామని నిర్ణయించేవారు వేరు, లాగినప్పుడు చేతులు కోసుకుపోయేవారు వేరు. హైదరాబాద్ చరిత్ర రాసినవారు ఈ అంశాన్ని ఇంకా విపులంగా రాయవలసి ఉంది.

వేరే దారి కోసం నిజాం ప్రభుత్వం చేసిన ప్రయత్నాలు బేరంలో ప్రత్యామ్నాయం విలువ ఎంతో చూపిస్తాయి. పోర్చుగీసువారి చేతిలోని గోవాలో మర్మగోవా రేవును కొనడమో, కౌలుకు తీసుకోవడమో చేయాలని సంప్రదింపులు జరిపారు. అది ఫలించలేదు. ఫలించినా రేవుకూ రాజ్యానికీ మధ్య భారత భూభాగమే ఉంది, దాని మీదుగా రైలు పోనిస్తేనే రేవుతో పని. ఆకాశమార్గం మిగిలింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో ఆయుధాలు తెచ్చి దించాడు. తుపాకులు విమానంలో వస్తాయి. కోటిన్నరకు పైగా జనానికి ఉప్పు విమానంలో రాదు.

1948 జూన్‌లో ఆఖరి అవకాశం వచ్చింది. గవర్నర్ జనరల్ మౌంట్‌బాటెన్, మాంక్టన్ కూర్చుని ఒక ముసాయిదా తయారు చేశారు. రక్షణ, విదేశీ వ్యవహారాలు, రవాణా సమాచార రంగాల్లో భారత చట్టాలకు అనుగుణంగా హైదరాబాద్ చట్టాలు చేయాలి, రజాకార్లను రద్దు చేయాలి, భవిష్యత్తును ప్రజాభిప్రాయంతో తేల్చాలి. ఈ ముసాయిదాలో వాణిజ్యానికి సంబంధించిన ఒక నిబంధన ఉంది. ఇతర దేశాల్లో హైదరాబాద్ తన సొంత వాణిజ్య ఏజెన్సీలు పెట్టుకోవచ్చు, అయితే అవి భారత ప్రభుత్వ పర్యవేక్షణలో, దానితో సహకరిస్తూ నడవాలి. ఆనాటి బలాబలాలు చూస్తే అది చిన్న సడలింపు కాదు. కశ్మీరు తప్ప మరే సంస్థానానికీ ఇంత వెసులుబాటు గురించి ఢిల్లీ ఆలోచించలేదు. నిజాం దాన్ని తిరస్కరించాడు. ఆర్థిక, పన్నుల విషయాల్లో ఇంకా స్వేచ్ఛ కావాలన్నది ఆ అభ్యంతరాల్లో ఒకటి. జూన్ 21న మౌంట్‌బాటెన్ దేశం విడిచి వెళ్లిపోయాడు. ఢిల్లీలో మధ్యవర్తి లేకుండా పోయాడు.

ఆగస్టులో హైదరాబాద్ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న భారత సైన్యం నాలుగు వైపుల నుంచీ కదిలింది, 17న నిజాం లొంగుబాటు ప్రకటించాడు, 18న మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ముందు హైదరాబాద్ సేనాపతి జనరల్ ఎల్ ఎద్రూస్ లాంఛనంగా లొంగిపోయాడు. ఆ తరువాతి వారాల్లో, ముఖ్యంగా మరాఠ్వాడాలో, ముస్లింల మీద జరిగిన హత్యాకాండ ఆ విజయానికి తీరని మచ్చ.

రాజకీయంగా కలిసిపోవడానికి అయిదు రోజులు పట్టింది. ఆర్థికంగా కలవడానికి ఏళ్లు పట్టింది. వి.టి. కృష్ణమాచారి అధ్యక్షతన ఏర్పడిన సంస్థానాల ఆర్థిక విచారణ సంఘం ఏది కేంద్రానికి, ఏది రాష్ట్రానికి అని విడదీసింది. 1950 ఏప్రిల్ 1న నిజాం రైల్వే కేంద్రం చేతికి వెళ్లింది. కరోడ్‌గిరీ మాత్రం వెంటనే పోలేదు. దాని ఆదాయం మీద ఆధారపడిన రాష్ట్ర ఖజానా ఒక్కసారిగా కుప్పకూలకుండా, కొన్ని రాష్ట్రాలు అంతర్గత సుంకాలను కొంతకాలం ఉంచుకోవచ్చని రాజ్యాంగం 306వ అధికరణలోనే రాశారు. హాలీ సిక్కా కూడా 1950ల్లో క్రమంగా చెలామణీ నుంచి తప్పుకుంది. ఒకే దేశంలో కలిసిపోయాక కూడా ఇన్నేళ్లు పట్టిందంటే, ఆ రెండు వ్యవస్థలను విడదీయడానికి ఎన్నేళ్లు పట్టేదో ఊహించవచ్చు.

జనాభాలో హైదరాబాద్ కన్నా ఎంతో చిన్నదైన గ్రీన్‌లాండ్ దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ. డెన్మార్క్‌తో పాటు 1973లో యూరోపియన్ ఆర్థిక సమాజంలోకి వెళ్లిన ఈ మంచుదీవి, 1982లో ప్రజాభిప్రాయం తీసుకుని 1985 ఫిబ్రవరి 1న బయటికి వచ్చింది. అప్పటికి దాని జనాభా దాదాపు 50 వేలు, మన ఒక మోస్తరు పట్టణమంత. అయినా తన చేపలను యూరప్ మార్కెట్లో సుంకం లేకుండా అమ్ముకునే హక్కు నిలబెట్టుకుంది, పైగా ఏటా డబ్బు కూడా తెచ్చుకుంది. కారణం తేలికే. యూరప్ జాలరులకు గ్రీన్‌లాండ్ జలాల్లో చేపలు పట్టుకునే లైసెన్సులు కావాలి. ఎదుటివారికి నిజంగా అవసరమైనది, వేరేచోట సులువుగా దొరకనిది గ్రీన్‌లాండ్ చేతిలో ఉంది. డెన్మార్క్ ఇంకా సభ్యదేశంగా కొనసాగుతూ దాని తరఫున లోపలి నుంచి మాట్లాడింది.

బ్రిటన్ ఈ రెండింటి మధ్య నిలుస్తుంది. 2016 జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 51.9 శాతం మంది యూరోపియన్ యూనియన్ వీడాలన్నారు. యూనియన్ ఒప్పందంలోని 50వ అధికరణ ప్రకారం, వెళ్లిపోతామని నోటీసు ఇచ్చిన రోజు నుంచి రెండేళ్ల గడువు మొదలవుతుంది. ఏ షరతులు కావాలో తమలో తాము తేల్చుకోకముందే 2017 మార్చి 29న బ్రిటన్ ప్రభుత్వం ఆ నోటీసు ఇచ్చేసింది. గడియారం అక్కడి నుంచి బ్రిటన్‌కు వ్యతిరేకంగా తిరిగింది. మిగిలిన 27 దేశాలు ఒకే మాట మీద నిలిచి, ముందు బకాయిల లెక్క, పౌరుల హక్కులు, ఐర్లండ్ సరిహద్దు తేలాలి, ఆ తరువాతే వాణిజ్యం అన్నాయి. బ్రిటన్ చివరికి ఆ వరసకు ఒప్పుకుంది. ఆనాడు బ్రిటన్ ఎగుమతుల్లో దాదాపు 43 శాతం యూనియన్‌కే పోయేవి. యూనియన్ దేశాల ఎగుమతుల్లో బ్రిటన్ వాటా పది శాతానికి లోపే. జర్మనీ కార్ల కంపెనీలు తమ ప్రభుత్వాన్ని ఒత్తిడి చేసి బ్రిటన్‌కు మంచి షరతులు ఇప్పిస్తాయని లండన్‌లో చాలామంది నమ్మారు. ఆ కంపెనీలకు బ్రిటన్ గిరాకీ కన్నా యూనియన్ ఉమ్మడి మార్కెట్ చెక్కుచెదరకుండా ఉండటమే ముఖ్యమని తేలింది.

2020 జనవరి 31న బ్రిటన్ బయటికి వచ్చింది. డిసెంబరు 31తో మధ్యంతర కాలం ముగియాల్సి ఉండగా డిసెంబరు 24న వాణిజ్య ఒప్పందం కుదిరింది. అది కూడా కుదరకపోతే ప్రపంచ వాణిజ్య సంస్థ సాధారణ నిబంధనలే దిక్కు, కార్ల మీద 10 శాతం, పాలపదార్థాల మీద అంతకు మించిన సుంకాలు పడేవి. ఒప్పందం సుంకాలను తప్పించింది గానీ కాగితాలను తప్పించలేదు. సరుకు ఎక్కడ తయారైందో నిరూపించే పత్రాలు, పశువైద్యుల ధ్రువీకరణలు, కస్టమ్స్ డిక్లరేషన్లు తిరిగి వచ్చాయి. పెద్ద కంపెనీలు మనుషులను పెట్టుకుని నెట్టుకొచ్చాయి, చిన్న వ్యాపారులు చాలామంది యూరప్‌కు అమ్మడమే మానుకున్నారు. యూనియన్‌లో ఉండిపోయిన దానితో పోలిస్తే బ్రిటన్ వాణిజ్యం దీర్ఘకాలంలో 15 శాతం, ఉత్పాదకత 4 శాతం తగ్గుతాయన్న అంచనాతోనే ఆ దేశపు బడ్జెట్ బాధ్యతా కార్యాలయం లెక్కలు వేస్తోంది. బ్రిటన్ చేతిలో గ్రీన్‌లాండ్ లాగా ఉన్న బలం ఒక్క చేపల విషయమే. తన జలాల్లో యూరప్ జాలరుల వాటాలో నాలుగోవంతును 2026 దాకా దశలవారీగా వెనక్కి తెచ్చుకునేలా ఒప్పించింది. 2025 మే నెలలో ఆహారపదార్థాల తనిఖీల్లో సడలింపులు కోరినప్పుడు, యూరప్ పడవల ప్రవేశాన్ని 2038 దాకా పొడిగించక తప్పలేదు.

కూటమి వీడినవారు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది. ఇక ప్రపంచంలో ఎవరితోనైనా సొంతంగా బేరం చేసుకోవచ్చు అని. ఇది నిజమే. ఉమ్మడి సుంకాల కూటమిలో ఉన్నప్పుడు ఏ సభ్యదేశమూ విడిగా ఒప్పందాలు చేసుకోలేదు. బయటికి వచ్చాక బ్రిటన్ జపాన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో ఒప్పందాలు చేసుకుంది, పసిఫిక్ దేశాల కూటమిలో చేరింది. కానీ ఎదుటి దేశాలకు కూడా కళ్లున్నాయి. 45 కోట్ల మంది ఉన్న మార్కెట్‌కు ఇచ్చే సడలింపులను దాదాపు ఏడు కోట్ల మంది ఉన్న మార్కెట్‌కు ఎవరూ ఇవ్వరు. ఒప్పందం కుదిరిందని దేశంలో చూపించుకోవలసిన తొందర ఎవరికి ఉందో కూడా వాళ్లకు తెలుసు.

భారత్‌తో జరిగిన బేరంలో ఇది కనబడుతుంది. యూరోపియన్ యూనియన్‌తో భారత్ 2007లో మొదలుపెట్టిన చర్చలు 2013లో ఆగిపోయాయి. కార్ల సుంకాలు, మద్యం సుంకాలు, మన వృత్తి నిపుణుల వీసాలు అందులో ముడిపడిన చిక్కులు. విడిగా వచ్చిన బ్రిటన్‌తో 2022 జనవరిలో చర్చలు మొదలై, 2025 జూలై 24న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. స్కాచ్ విస్కీ మీద భారత్ వేసే 150 శాతం సుంకం ముందు 75కు, పదేళ్లలో 40కి దిగుతుంది. కార్ల సుంకం నిర్ణీత సంఖ్య వరకు 10 శాతానికి వస్తుంది. బదులుగా భారత సరుకుల్లో 99 శాతం రకాలకు సుంకం ఎత్తేయడానికి బ్రిటన్ ఒప్పుకుంది. బట్టలు, తోలు, రొయ్యలు అందులో ఉన్నాయి. భీమవరం చెరువుల రైతుకూ, కాకినాడ శీతలీకరణ ప్లాంటుకూ ఇది నేరుగా సంబంధించిన సంగతి. దీనితోపాటు కుదిరిన సామాజిక భద్రత ఒప్పందం ప్రకారం, కంపెనీ తరఫున కొంతకాలానికి బ్రిటన్ వెళ్లే భారతీయ ఉద్యోగి మూడేళ్ల వరకు అక్కడి జాతీయ బీమాకు డబ్బు కట్టనక్కర లేదు. ఏళ్ల తరబడి భారత్ అడుగుతూ వచ్చిన సడలింపు ఇది. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు లండన్‌కు పంపే ఉద్యోగుల జీతాల లెక్కలో ఇది కనబడుతుంది.

ఆ బేరంలో ఎవరూ అన్నిచోట్లా తగ్గలేదు. పాలు, ఆపిల్ వంటి వాటిని భారత్ ఒప్పందం బయట ఉంచుకోగలిగింది. అయితే దిగుమతి అయ్యే ఉక్కు, అల్యూమినియం, సిమెంటు వంటివాటి తయారీలో వెలువడిన కార్బన్‌ను బట్టి 2027 నుంచి బ్రిటన్ వేయదలచిన పన్ను నుంచి భారత్ కోరిన మినహాయింపు మాత్రం ఒప్పందంలో చేరలేదు.